మారు వాతావరణములో చేపల వేట: ధరింపదగిన దుస్తులు

మంగళగిరి పేరు చెప్పగానే నూలు వస్త్రము జ్ఞప్తికి వచ్చును. గుంటమగ్గముపై నేసి, అంచున జరీ తీర్చిన ఆ బట్ట ఎండకాలములో దేహమునకు ఎంత హాయి గూర్చునో కృష్ణామండలమున వేరుగ చెప్పనక్కరలేదు. ఆ పట్టణమునకు కొద్ది కిలోమీటర్ల దూరములోనే కృష్ణానది ప్రవహించుచున్నది. సీతానగరము, ఉండవల్లి మొదలు కొల్లిపర వరకును, అచటినుండి పులిగడ్డ, నాగాయలంక, హంసలదీవి వరకును నదినో, కాలువనో, సముద్రమునో నమ్ముకొని చేపలు పట్టి జీవించు కుటుంబములు వేలకొలది గలవు. వీరు ఏ బట్ట కట్టి వేటకు పోవలెనను విషయము పంచాయతీ సభలలో చర్చకు వచ్చుట అరుదు. వలల గురించియు, పడవల గురించియు, రేవునకు పోవు బాట గురించియు మాటలాడుదుము. ఒంటిమీది గుడ్డ ఎవరి ఇంటి సంగతి వారిదని ఊరకుందుము. కాని వాన, ఎండ, గాలి ఒకే దినమున మారి మారి వచ్చు మన తీరమున, పడవలో నున్న మనిషి ఇల్లు చేరుటకును చేరకపోవుటకును ఈ గుడ్డయే కారణమైన సందర్భములు గలవు.

కొన్ని సంవత్సరముల క్రిందట, స్వాతి కార్తెలో, ఈ రచయిత ఒక రేవున నిలిచియుండగా తెల్లవారుజామున ఒక చిన్న పడవ ఒడ్డునకు వచ్చినది. రాత్రి రెండు జాముల వేళ వాన పట్టి, తరువాత ఈశాన్యపు గాలి వీచినది. పడవలో ఇద్దరు. ఇద్దరును నూలు పంచె, నూలు చొక్కా తడిసి ముద్దయై యున్నారు. పెద్దవాడు పడవ తాడు కట్టబోయి ముడి వేయలేకపోయెను. వ్రేళ్ళు కొంకర్లు పోయినవి. మాట తడబడుచున్నది. కల్లు త్రాగినాడని పక్కవారు నవ్విరి. అతడు త్రాగలేదు, చలికి దేహపు వేడి తగ్గినది. పొడి దుప్పటి కప్పి, వేడి టీ పట్టించిన అరగంటకు మామూలు మనిషి అయ్యెను. ఆ రాత్రి చలి ఎక్కువేమియు కాదు. మన ప్రాంతమున అది ఇరువది డిగ్రీలకు తగ్గిన రాత్రి కాదు. అట్టి వెచ్చని ప్రదేశములో మనిషి చలికి చిక్కుట ఎట్లు సంభవించినదను ప్రశ్నకు సమాధానము తడిబట్టలో నున్నది.

ఒక గ్రాము నీరు ఆవిరి యగుటకు సుమారు 580 కాలరీల వేడి కావలెను. పంచె, చొక్కా, తువ్వాలు కలిపి అరకిలో తూగుననుకొనుడు. వానకు తడిసిన పిమ్మట వానిని గట్టిగా పిండినను, నూలు దాదాపు తనయంత బరువు నీటిని నిలుపుకొనును. ఆ అరకిలో నీరు గాలికి ఆరవలెనన్నచో 290 కిలోకాలరీల వేడి ఎచటినుండియైనను రావలెను. కొంత గాలినుండి వచ్చును, మిక్కిలి భాగము దేహమునుండియే పోవును. ఈ మొత్తము దాదాపు పావుకిలో అన్నమునుండి మనకు లభించు శక్తికి సమానము. వాన మరల కురిసి, బట్ట మరల తడిసినచో లెక్క మొదటికి వచ్చును. వేట రాత్రి ఎనిమిది గంటలు సాగును. తిన్నది ఒక పూట భోజనము. గాలి వేగము పెరిగిన కొలది ఈ వ్యయము వేగముగ జరుగును. నీటిలో పడిన మనిషి సంగతి ఇంకను కష్టము. నీరు గాలికంటె సుమారు ఇరువదియైదు రెట్లు వేగముగ వేడిని లాగుకొనును. కావుననే వెచ్చని బంగాళాఖాతములో సైతము గంటల తరబడి తేలియున్న వాడు చలికి సోలిపోవును.

ఇదే గుణము ఎండలో మేలు చేయును. చెమటను పీల్చి, నెమ్మదిగా ఆవిరి చేసి, దేహమును చల్లబరచు బట్ట నూలుకు మించినది లేదు. రోహిణీ కార్తెలో విజయవాడ ప్రాంతమున ఉష్ణోగ్రత 45 డిగ్రీలు దాటుట కలదు. ఆ దినములలో పల్చని, వదులైన, నిండు చేతుల తెల్ల నూలు చొక్కా, తలకు తడిపిన తలగుడ్డ ఉన్నచో విసురువల వేయువాడు మధ్యాహ్నము వరకు నిలువగలడు. చొక్కా విప్పి పని చేయుట చల్లగా నుండుననుకొనుట పొరపాటు. నీటిమీద ఎండ పైనుండి ఒకసారియు, నీటినుండి మరలి మరియొకసారియు తగులును. అందుచేత నేలపై పని చేయువానికంటె పడవవానికి మెడ, గడ్డము క్రింది భాగము, ముంజేతులు ఎక్కువ మాడును. తలగుడ్డ వెనుక కొస మెడపై వ్రేలాడునట్లు విడుచుట మన పెద్దలకు తెలిసిన పద్ధతియే. నేటి యువకులు క్రికెట్టు టోపీ పెట్టుకొని మెడను ఎండకు వదలివేయుచున్నారు. ఈ విషయములో తాతలే సరియైనవారు.

ఇచట ఒక సంగతి గమనింపవలెను. తూర్పు తీరమున ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు, అనగా 61 దినములు, మరపడవలకును, ఇంజను బిగించిన నాటుపడవలకును సముద్రవేట నిషేధము. మండువేసవి ఈ నిషేధ కాలములోనే గడచిపోవును. కావున మచిలీపట్టణము గిలకలదిండి నుండియో, నిజాంపట్టణము నుండియో మరపడవలో పోవు కళాసీకి వేటకాలములో అధిక భాగము వాన, ముసురు, తుపాను, శీతగాలి కాలమే. అతని దుస్తులు ఎండను బట్టికాక తడిని, గాలిని బట్టి ఏర్పరచవలెను. నదిలోను, కాలువలలోను దోనెపై పోవువారికి ఈ నిషేధము లేదు. వారికి రెండు విధముల బట్టయు కావలెను. అందరికి ఒకే రకపు దుస్తులు కొని పంచిన పంచాయతీలో సగము బట్టలు దండెములకే పరిమితమగుటకు ఇదియే కారణము.

తడిలో ఏ బట్ట?

వస్త్రపు నారలలో తేమను పీల్చు శక్తి వేర్వేరుగ నుండును. మామూలు గాలిలో నుంచినపుడు నూలు తన బరువులో నూటికి 8 పాళ్ళకు పైగా తేమను నిలుపుకొనును. ఉన్ని సుమారు 16 పాళ్ళు, నైలాను 4 పాళ్ళు, పాలియెస్టరు ఒక పాలులో సగముకంటె తక్కువ. ఈ లెక్క చూచిన వెంటనే ఉన్ని అన్నిటికంటె చెడ్డదని తోచును. నిజమట్లు కాదు. ఉన్ని తేమను నార లోపలికి తీసికొని, ఒంటికి తగులు పైభాగమును పొడిగా నుంచును. తన బరువులో దాదాపు మూడవ వంతు తేమ పీల్చినను తాకినవారికి తడిగా తోచదు. తేమ పీల్చునపుడు కొంత వేడిని కూడ విడుచును. కురుమలు నేసిన గొంగళి ఒకటి కప్పుకొని గొఱ్ఱెలకాపరి రాత్రియంతయు ముసురులో నిలుచుట ఇందువలననే. ఉత్తర అట్లాంటిక్ సముద్రమున వేటాడు బెస్తలు తరతరములుగ బిగువైన ఉన్ని చొక్కాలు ధరించుటకును కారణమిదియే.

ఐనను గొంగళిని పడవలోనికి తీసికొని పొమ్మని చెప్పజాలము. పూర్తిగా నానిన గొంగళి మోయరాని బరువగును. అది చుట్టుకొని నీటిలో పడినవాడు చేతులాడింపలేడు. చెరువుగట్టున కాపలా యుండువారికి, ముఖ్యముగ కైకలూరు వైపు చేపల చెరువులపై రాత్రి కాపలా యుండువారికి, గొంగళిని మించిన నేస్తము లేదు. పడవవానికి కావలసినది పల్చని ఉన్ని బనియనుగాని, ఉన్ని కలిపిన స్వెట్టరుగాని. అది దొరకనిచో పాలియెస్టరు బనియను. పిండి తొడిగిన కొద్దిసేపటికే అది ఆరును. ఆటగాండ్రు ధరించు చవుక బనియన్లు సంతలలో దొరకుచున్నవి. ఈ పనికి అవి చాలును.

మంగళగిరి ప్రాంతపు పత్రికాపాఠకులకు ఈ మాట రుచింపకపోవచ్చును. మన ఊరి నేతగాని బట్టను మన ఊరి బెస్తవానికి వలదనుట కష్టమే. కాని వలల చరిత్ర చూడుడు. ఒకప్పుడు వలలన్నియు నూలువే. అవి నానును, బరువెక్కును, కుళ్ళును. కుళ్ళకుండుటకై చెట్ల బెరడు కషాయములో మాటిమాటికి ఉడికించి ఆరబెట్టెడివారు. నైలాను దారము వచ్చిన పిమ్మట ఒక తరములోనే నూలు వల మాయమైనది. వల తడిసిన ఏమగునో తెలిసినవాడు చొక్కా తడిసిన ఏమగునో ఆలోచింపకుండుట వింత. నూలు చొక్కా ఎండకు, నూలు తలగుడ్డ అన్ని కాలములకు, రేవుకు వచ్చిన పిమ్మట కట్టుకొను పొడిబట్ట తప్పక నూలు. వానలో ఒంటికి అంటియుండు మొదటి పొర మాత్రము నూలు కారాదు. ఇంతకు మించి నేతగానికి ఇందు అన్యాయము లేదు.

ఇక వానను ఆపు పై పొర. వెనుకటి రోజులలో తాటాకులతో అల్లిన గిడుగు ఉండెడిది. వంగి నాట్లు వేయుటకు అది తగినది, పడవలో గాలి పట్టినచో మనిషినే లాగును. తరువాత గోనెసంచి వచ్చినది. నేడు యూరియా సంచిని ఒక మూల లోనికి మడచి తలపై తగిలించుకొనుట ఊరూర కాననగును. ఖర్చు లేనిది, అప్పటికి పనికివచ్చునది. కాని అది వీపును మాత్రమే కాపాడును, చేతులెత్తి వల విసిరిన వెంటనే జారును.

నీరు చొరని బట్టను తయారు చేయు ప్రయత్నము పాతది. నావికులు నారబట్టకు అవిసెనూనె పట్టించి ఆరబెట్టి తొడిగెడివారు. 1823లో చార్లెస్ మాకింటాష్ అను స్కాట్లండు దేశీయుడు రెండు బట్టల నడుమ రబ్బరు పొర నుంచు పద్ధతికి హక్కు పొందెను. నేటి వానకోట్లు ఆ వంశములోనివే. వీనిలో ఒక దోషము గలదు. బయటి నీరు లోనికి రానట్లే లోపలి చెమటయు బయటికి పోదు. వల లాగువాడు పావుగంటలో లోపలినుండి తడియును. కావున వానకోటు మోకాళ్ళవరకు వ్రేలాడు ఒకే ముక్కగా నుండరాదు. నడుము క్రిందికి వచ్చు పైచొక్కా, విడిగా ఒక లాగు ఉండవలెను. చంకల క్రింద గాలి రంధ్రములుండవలెను. మణికట్టు వద్ద బిగించుటకు పట్టీ ఉండవలెను, లేనిచో చేయి ఎత్తినపుడు నీరు చంకలోనికి దిగును. తలముసుగు ప్రక్కచూపును, చెవులను మూయకుండునట్లు చూడవలెను. సరంగు పిలిచిన పిలుపు వినబడక, త్రాడు అడ్డురాగా పడినవారు గలరు. ఇంతకంటె ముఖ్యమైన లక్షణమొకటి కలదు. కొనువారు దానిని తొడిగి వల విసరి చూడవలెను. కొట్టులో నిలువుగా నిలుచున్నపుడు ప్రతి కోటును సరిపోవును.

రంగు గురించి ఒక మాట. నీలము, నలుపు, ముదురాకుపచ్చ రంగులు సముద్రముపై కనుపింపవు. తెల్లని రంగు కనుపించునని అందురు గాని, గాలి లేచి అలల తలలు తెల్లగా విరుగునపుడు తెల్ల చొక్కా నురుగులో కలిసిపోవును. కాషాయము, పసుపు దూరమునకు తెలియును. వానకోటు కొనునపుడు ఈ రెంటిలో ఒకటి అడుగవలెను. రాత్రివేళ దీపపు వెలుగు పడినపుడు మెరయు పట్టీ భుజములపై కుట్టించుట మరియు మంచిది.

పంచెకట్టు విషయము పెద్దలతో మాటలాడవలసినది. గోచి బిగించిన పంచె దోనెలో ఇబ్బంది కలిగింపదు. లుంగీ మరపడవలో ప్రమాదము. ఇంజను చక్రమునకో, వల లాగు యంత్రమునకో కొస చిక్కినచో విడిపించుకొను వ్యవధి యుండదు. తలగుడ్డ వదులు కొస, మెడలోని తువ్వాలు కూడ ఇట్టివే. మరపడవపై మోకాలు దాటని లాగు ఉత్తమము.

పాదముల కొరకు రబ్బరు బూట్లు కొనిపెట్టవలెనా యని కొన్ని గ్రామములలో అడుగుదురు. ఐసు పెట్టెలు మోయు చోట, చేపలు దింపు రేవున మంచివే. పడవలో మాత్రము ఎత్తైన బూట్లు ఈదుటకును, తిరిగి పడవ ఎక్కుటకును అడ్డు. మడ అడవుల బురదలో ఆల్చిప్పల అంచులు కోయును, జెల్ల చేప ముల్లు గ్రుచ్చుకొనును. అచట బిగువుగా నుండు రబ్బరు చెప్పులుగాని, కట్టు గల కాన్వాసు జోళ్ళుగాని తగినవి. కాలువలలో దిగువారికి మరియొక భయము గలదు. ఎలుకల మూత్రము కలిసిన నీరు కాలి పుండ్ల ద్వారా లోనికి పోయి లెప్టోస్పైరోసిస్ అను జ్వరము తెచ్చును. పుండు గలవాడు దానిని కప్పి కట్టకుండ నీటిలో దిగరాదు. రబ్బరు తొడుగు పిడుగునుండి కాపాడునను నమ్మకము కొందరికి గలదు. అది వట్టి మాట. ఉరుము వినబడినపుడు ఒడ్డు చేరి పక్కా ఇంటిలోనికి పోవుట తప్ప పిడుగునకు ఏ దుస్తులును అడ్డుకావు.

లైఫ్ జాకెట్

దుస్తులలో దీనిని కూడ చేర్చవలెను, ఏలయన దీనిని పరికరముగ భావించుటవలననే పడవ అడుగున పడియుండుచున్నది. ఉక్కగా నుండుననియు, వల విసరుటకు అడ్డుపడుననియు వేటగాండ్రు చెప్పుదురు. ఆ మాట అబద్ధము కాదు. లావు బట్టపై దానిని తొడిగినచో ఉక్క తప్పదు. పల్చని బనియనుపై తొడిగినచో సహింపవచ్చును. వానకోటు ఉన్నచో జాకెట్ దానిపైననే ఉండవలెను, క్రింద కాదు. తొడల నడుమనుండి పోవు పట్టీని బిగింపనిచో నీటిలో పడగానే జాకెట్ పైకి లేచి తల దాటిపోవును. ఆ పట్టీ తెగిన జాకెట్లు, తాళ్ళు లేని జాకెట్లు ఎన్నో రేవులలో లెక్కకు మాత్రము ఉన్నవి. రాత్రియంతయు ధరింపలేమనువారు ఒక్క నియమమైన పాటింపవలెను. అలలు విరుచుకొని పడు మొగ దాటునపుడు, పోవునపుడును వచ్చునపుడును, పడవలో ప్రతివాడును జాకెట్ తొడుగవలెను. పడవ తలక్రిందులగు భయము అచటనే ఎక్కువ.

నీటిలో పడినవాడు ఒంటిమీది బట్ట అంతయు విప్పివేయవలెనను మాట పాతకాలమునుండి వచ్చుచున్నది. కాళ్ళకు చుట్టుకొను లుంగీ, బరువైన దుప్పటి విప్పవలసినవే. ఒంటికి పట్టియున్న చొక్కా, లాగు విప్పరాదు. అవి దేహమునకు అంటియున్న పల్చని నీటిపొరను కదలకుండ నిలిపి వేడిని కొంత కాపాడును. మోకాళ్ళు ముడిచి, చేతులు రొమ్మునకు చేర్చి తేలుట మంచిది. ఊరక ఈదుటవలన వేడి త్వరగా పోవును.

ఏ దుస్తులైనను ఒక హద్దువరకే పనిచేయును. 1864 నవంబరు 1న బందరును ముంచిన ఉప్పెనలో సుమారు ముప్పదివేల మంది మరణించిరి. 1977 నవంబరు 19న దివిసీమపై విరుచుకుపడిన తుపానులో ప్రభుత్వపు లెక్కలోనే దాదాపు పదివేల ప్రాణములు పోయినవి. 1990 మే 9న తుపాను మరల కృష్ణా ముఖద్వారము సమీపముననే తీరము దాటినది. బలములో అదియు సామాన్యమైనది కాదు. ఐనను మృతులు వేయికి లోపుననే నిలిచిరి. ముందుగా హెచ్చరించి లక్షలాది జనులను తరలించుటయే ఈ భేదమునకు ముఖ్య కారణము. కావున వేటకు పోవుటకు ముందు విశాఖపట్టణపు తుపాను హెచ్చరిక కేంద్రము ప్రకటనయు, హైదరాబాదులోని ఇన్‌కాయిస్ సంస్థ ఇచ్చు అలల సూచనయు వినవలెను. వేటకు పోరాదన్న దినమున మంచి వానకోటు ఉన్నదని బయలుదేరుట తగదు. రేవులో ఎగురవేయు సూచికలు 1 నుండి 11 వరకు గలవు. వాని అర్థము రేవుకు దగ్గరగా పలకపై తెలుగులో వ్రాయించుట పంచాయతీకి పెద్ద ఖర్చు కాదు.

స్త్రీల విషయము తరచుగా మరతుము. కాలువలలో, పాయలలో నడుములోతు నీటిలో నిలిచి రొయ్యలు ఏరువారిలో, చేపలు కడిగి ఎండబెట్టువారిలో స్త్రీలు అనేకులు. తడిసిన ఆరు గజముల చీరతో ఉదయమునుండి మధ్యాహ్నము వరకు పని చేయుదురు. పంటబోదెలలో చేతులతో చేపలు, పీతలు పట్టు యానాది కుటుంబముల స్థితియు ఇట్టిదే. వీరికి పడవ లేదు, కనుక పడవల లెక్క ప్రకారము పంచు సామగ్రిలో వీరి పేరు రాదు. వీరికి కావలసినది అధికముగ లేదు. త్వరగా ఆరు పల్చని చీరపై పొట్టి వానచొక్కా, కాలికి కట్టు జోడు, రేవు వద్ద బట్టలు మార్చుకొనుటకు మరుగు గల ఒక గది. ఈ మూడింటిలో కడపటిది మాత్రమే పంచాయతీవారు కట్టవలసినది, అదియే ఎచటను కానరాదు.

రాజ్యాంగపు 73వ సవరణతో చేరిన పదునొకండవ షెడ్యూలులో పంచాయతీల అంశములలో మత్స్యపరిశ్రమ ఒకటి. అందుచేత సభ్యులు ఈ విషయమును తమది కాదని త్రోసివేయరాదు. దుస్తులు కొనవలసి వచ్చినపుడు మొదట ఒక్క రకమునకు రెండు మూడు మాత్రమే తెప్పించి, నదివారికి ఒకటి, సముద్రమువారికి ఒకటి ఇచ్చి, ఒక నెల గడచిన పిమ్మట వారి మాట వినవలెను. కొలతలు తీసికొనవలెను. చిన్నవానికి పెద్ద జాకెట్ ఇచ్చుట ఇవ్వకపోవుటతో సమానము. ప్రతి పడవలోను మూత గట్టిగా బిగియు ప్లాస్టిక్ డబ్బా ఒకటి యుంచి, అందు మనిషికొక పొడి చొక్కా, పొడి పంచె, తువ్వాలు పెట్టుకొనుట అన్నిటికంటె చవుకైన ఉపాయము. ఈ బట్ట మంగళగిరి నూలుదైన మరియు మంచిది. వాన నిలిచిన వెంటనే తడిబట్ట విప్పి తల, రొమ్ము తుడిచి దీనిని ధరింపవలెను. ముందు చెప్పిన రేవులోని పెద్దవాని పడవలో అట్టి డబ్బా లేదు.

తీరము చేరిన పిమ్మట వానకోటును, జాకెట్‌ను మంచినీటితో కడిగి నీడన ఆరవేయవలెను. ఉప్పు నిలిచినచో కుట్లు చివుకును, లోహపు కొక్కెములు తుప్పుపట్టును. ఎండలో వేసిన రబ్బరుపొర పగులును. ఎలుకలు కొరకకుండ దండెముపై ఎత్తుగా వ్రేలాడదీసి, వేటకు పోవు ముందు ప్రతి పట్టీని చేతితో లాగి చూడవలెను.